తల తెగే బొమ్మ: ఒక ప్రాపర్టీల డైరీ

జనవరి 4

ఈసారి మా నాటక సమాజం ప్రాపర్టీల్లో, అంటే వేదిక మీద వాడే వస్తువుల్లో, నా వంతుకు వచ్చింది ఒక బొమ్మ. పదమూడున్నర అంగుళాల బొమ్మ. ఊరికే చేసి ఇస్తే సరిపోదు. నాటకం చివర్లో గోల్ఫ్ కర్ర తగిలి దాని తల ఎగిరిపడాలి. తర్వాతి ప్రదర్శనకు ఆ తల మళ్ళీ మెడ మీద ఉండాలి.

నలభై నిమిషాల ఏకాంకిక అది. రాసింది మాస్టారు. మా దర్శకుణ్ణి అందరం అలాగే పిలుస్తాం, ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పినవాడు కాదు. బెజవాడలో ముప్పై ఏళ్ళు పిల్లలకు డ్రాయింగు చెప్పి రిటైరైన నన్ను ఆయన ‘టీచరుగారూ’ అంటారు. అలా లెక్క సరిపోయింది.

కథకు మూలం నిజంగా జరిగిందే. బారీ ఫిట్జెరాల్డ్ అని ఐర్లండ్ నటుడు ఉండేవాడు. డబ్లిన్‌లో అబీ థియేటర్‌లో నాటకాలాడి హాలీవుడ్‌కు వెళ్ళినవాడు. 1944లో వచ్చిన ‘గోయింగ్ మై వే’లో ముసలి చర్చి ఫాదర్ వేషం వేశాడు. ఆ ఒక్క వేషానికే ఉత్తమ నటుడి పోటీలోనూ, సహాయ నటుడి పోటీలోనూ అతని పేరు చేరింది. అలా కుదరదని అప్పటికి ఏ రూలూ లేదు. తర్వాత పెట్టారు. 1945 మార్చి 15న సహాయ నటుడి ఆస్కార్ అతనికి వచ్చింది. ఉత్తమ నటుడి ఆస్కార్ అదే సినిమాలో కుర్ర ఫాదర్ వేసిన బింగ్ క్రాస్బీకి వెళ్ళింది. మన ముసలాయనకు గోల్ఫ్ పిచ్చి. ఇంట్లో కర్ర పట్టుకుని ప్రాక్టీసు చేస్తూ, ఒక విసురుకి ఆ ఆస్కార్ బొమ్మ తల లేపేశాడు.

లోహపు బొమ్మకి తగిలితే సొట్ట పడేది, అంతే. తల తెగిందంటే అది ప్లాస్టర్ బొమ్మ కాబట్టి. ఈ మాట వినగానే నేను ఒప్పేసుకున్నాను. ప్లాస్టర్ నాకు తెలిసిన వస్తువు కదా అని ధీమా. మార్చి 1న ప్రదర్శన. ఎనిమిది వారాలుంది.

జనవరి 7

రెండు రోజులు చదువుకే పోయాయి.

ఆస్కార్ బొమ్మ అసలు రూపం గీసింది ఎం.జి.ఎం. స్టూడియో కళా దర్శకుడు సెడ్రిక్ గిబ్బన్స్. మలిచింది లాస్ ఏంజెలిస్ శిల్పి జార్జ్ స్టాన్లీ. రెండు చేతులా కత్తి పట్టుకున్న యోధుడు సినిమా రీలు మీద నిలబడి ఉంటాడు. రీలుకు అయిదు ఆకులు. నటులు, దర్శకులు, నిర్మాతలు, సాంకేతికులు, రచయితలు అని ఆస్కార్ ఇచ్చే అకాడమీకి మొదట్లో ఉన్న అయిదు శాఖలకు అవి గుర్తు. 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో మొదటిసారి పంచారు. పంచడమంతా కలిపి పదిహేను నిమిషాలట. మన సభల్లో జ్యోతి ప్రజ్వలనకే అంత పడుతుంది.

మొదట్లో గట్టి కంచు, పైన బంగారు పూత. కొన్నేళ్ళకు బ్రిటానియా లోహానికి మారారు. దాన్లో తొంభై శాతం దాకా తగరమే, మిగతాది ఆంటిమొనీ, రాగి. నాకు ఇక్కడే సంగతి అర్థమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మొదటి నెలల్లో, మలయా (ఇప్పటి మలేషియా వైపు), డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) జపాన్ చేతికి పోయాయి. తగరం గనులు ఆ వైపే. రాగి సంగతి సరేసరి, తూటాలకే చాలలేదు. 1943లో అమెరికా వాళ్ళు ఒక సెంటు నాణాన్ని ఉక్కుతో కొట్టుకున్నారు. నాణేనికే రాగి లేని రోజుల్లో సినిమావాళ్ళ బొమ్మకు తగరం ఎవరిస్తారు? మూడేళ్ళపాటు ప్లాస్టర్‌తో పోసి, రంగు వేసి చేతికిచ్చారు. యుద్ధం అయ్యాక తెచ్చిస్తే బంగారు పూత ఉన్న లోహపు బొమ్మ ఇచ్చారు.

‘కాసబ్లాంకా’కు ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది ఆ రోజుల్లోనే. 1944 మార్చి 2న పేరు పిలవగానే నిర్మాత హాల్ వాలిస్ కుర్చీలోంచి లేచేలోపు స్టూడియో యజమాని జాక్ వార్నర్ గబగబా వేదికెక్కి బొమ్మ అందుకున్నాడు. వాలిస్ ఆ కోపం చచ్చేదాకా మర్చిపోలేదు. ప్లాస్టర్ అయితేనేం, పరుగు పరుగే.

జనవరి 10

మాస్టారితో మొదటి తగువు.

ఆయనకు అచ్చం ఆస్కారే కావాలి. కత్తి, రీలు, అన్నీ. నేను ఒప్పుకోలేదు. ఆ బొమ్మ మీద హక్కు అకాడమీది. పోలిన బొమ్మలు చేసి అమ్మిన ఒక కంపెనీ మీద అకాడమీ కోర్టుకెళితే 1991లో అక్కడి అప్పీలు కోర్టు అకాడమీ వైపే చెప్పింది. “మనం అమ్మటం లేదు కదండీ, బెజవాడలో రెండొందలమంది చూసే నాటకం” అన్నారాయన. “రెండొందలమందిలో సగంమంది ఫోన్లో తీసి పెడతారండీ” అన్నాను.

నిజానికి హక్కుల సంగతి సగమే. మిగతా సగం నా గర్వం. ముప్పై ఏళ్ళు పిల్లలకు ‘పక్కవాడిది చూసి గియ్యకు’ అని చెప్పి, ఇప్పుడు నేను చూసి గియ్యనా?

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే ఎత్తు అదే, బంగారు రంగు అదే, నల్ల పీఠం అదే. బొమ్మ మాత్రం నాది. నిటారుగా నిలబడ్డ సన్నటి మనిషి, ఛాతీ దగ్గర చుట్టిన కాగితం పట్టుకుని ఉంటాడు. అయిదో వరుసలోంచి చూస్తే ‘అదే’ అనిపించాలి, దగ్గరికొస్తే ‘అది కాదు’ అని తెలియాలి.

జనవరి 12

మట్టి పని మొదలైంది. చెరువు బంకమట్టి తెప్పించి, రాళ్ళు ఏరి, రెండు రోజులు గోనె కింద నానబెట్టాను. లోపల ఇనుప తీగ అస్థిపంజరం. కాళ్ళు రెండూ కలిపి చేస్తే బలం, విడదీస్తే అందం. కలిపాను. మెడ మాత్రం కాస్త సన్నగా ఉంచాను, తెగాల్సింది అక్కడే కాబట్టి.

ముఖం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అసలు ఆస్కార్‌కి ముఖం ఉన్నా ఎవరి ముఖమూ కాదు, కళ్ళూ ముక్కూ నున్నగా జారిపోయినట్టు ఉంటాయి. నేను కళ్ళు చెక్కితే అది ఎవరో మనిషైపోతున్నాడు. మా ఆయన వచ్చి చూసి “మీ నాన్నగారిలా ఉన్నాడేంటి?” అన్నారు. కళ్ళు చెరిపేశాను.

జనవరి 16

పండగ మూడు రోజులూ పని బంద్. తడిగుడ్డ కప్పి ఉంచాను. కనుమనాడు మనవడు వేలితో గుచ్చిన గుంట ఒకటి వీపున ఉంది. అలాగే ఉండనిచ్చాను.

జనవరి 17

అచ్చు తియ్యకముందు ఒక చిన్న లెక్క. బొమ్మను పలచటి ప్లాస్టిక్ కవర్లో బిగించి, నిండు బకెట్లో ముంచి, పొర్లిన నీళ్ళు కొలిచాను. పీఠం కాకుండా 450 మిల్లీలీటర్లు. తగరం నీటికన్నా 7.3 రెట్లు బరువు. అంటే ఇదే బొమ్మ తగరంతో పోస్తే దాదాపు మూడు కిలోల మూడు వందలు. అసలు ఆస్కార్ పీఠంతో కలిపి ఎనిమిదిన్నర పౌన్లు, అంటే మూడు కిలోల ఎనిమిది వందల పైన. నా కొలత పిచ్చిది కాదన్నమాట.

మరి ప్లాస్టర్‌తో పోస్తే ఎంతుంటుంది? బాగా ఆరాక అర కిలో. నాకు నవ్వొచ్చింది. బహుమతి అందుకున్న ప్రతివాళ్ళూ ‘అబ్బ, ఎంత బరువో’ అనడం టీవీలో చూస్తూనే ఉంటాం. 2023లో కీరవాణిగారు, చంద్రబోస్‌గారు పట్టుకున్నప్పుడు కూడా వాళ్ళ మణికట్టు వైపే చూశాను నేను. యుద్ధకాలంలో అందుకున్నవాళ్ళ చేతికి వచ్చింది మంచినీళ్ళ సీసా అంత బరువే.

జనవరి 19

సిలికాన్ రబ్బరుతో అచ్చు. రెండు భాగాలు, బయట పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) తొడుగు. ఒక కొట్లో కొన్న మొదటి డబ్బా పాతదేమో, రాత్రంతా ఉంచినా జిగురుగానే ఉండిపోయింది. వెయ్యి రూపాయలు నీళ్ళపాలు, పైగా బొమ్మ వీపంతా గీరి శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. కొట్టువాడు ‘మీరే సరిగ్గా కలపలేదు’ అన్నాడు. వేరే చోట కొన్న రెండో డబ్బా నాలుగు గంటల్లో గట్టిపడింది. కలిపింది ఈ చేతులే.

జనవరి 24

మొదటి పోత. పాడైంది.

ప్లాస్టర్ తెలుసని ధీమాగా అన్నాను కదా. బళ్ళో పిల్లలతో పలకలు పొయ్యడం వేరు, నిలువు బొమ్మ పొయ్యడం వేరు. గడ్డం కింద బుడగలు. అచ్చు విప్పుతుంటే చీలమండ దగ్గర ‘టిక్’ అని విరిగింది.

హైవే పక్కన డేరాలు వేసుకుని వినాయకుడి బొమ్మలు పోసే రాజస్థాన్ కుటుంబం దగ్గరికి వెళ్ళాను. ఈ సీజన్లో పని పెద్దగా లేదు, పెద్దాయన ఓపిగ్గా చూపించాడు. నీళ్ళలో పొడి వెయ్యాలి, పొడిలో నీళ్ళు కాదు. చేత్తో జల్లెడ పట్టినట్టు చల్లుతూ పోతే నీటి మీద చిన్న చిన్న దిబ్బలు తేలతాయి, అక్కడితో ఆపాలి. రెండు నిమిషాలు ముట్టుకోకూడదు. ఆ తర్వాత చెయ్యి అడుగున పెట్టి మెల్లగా తిప్పాలి, పైకి తీస్తే గాలి దూరుతుంది. మొదట కాస్త పోసి, అచ్చును ఇటూ అటూ దొర్లించి లోపలంతా పూత పట్టించి, అప్పుడు మిగతాది పొయ్యాలి. కాళ్ళలో కొబ్బరి పీచు.

“మీ బొమ్మ ఎన్ని రోజులుండాలమ్మా?” అని అడిగాడు. ఒక రాత్రి చాలు, తల తెగాలి అన్నాను. తొమ్మిది రోజులుండే బొమ్మలు చేసే మనిషి కూడా ఒక్క క్షణం ఆగి నన్ను చూశాడు.

జనవరి 26

రెండో పోత బ్రహ్మాండంగా వచ్చింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అచ్చు మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా ఉంది. ఆ వేడి తగ్గాక విప్పాను. పచ్చిగా 715 గ్రాములు.

జనవరి 28

చీలమండల చుట్టూ గోధుమరంగు మరక. లోపల బలానికని పెట్టిన మామూలు ఇనుప తీగ తుప్పు పట్టి పైకి తేలింది. పచ్చి ప్లాస్టర్ నిండా నీళ్ళే, నాకు తట్టాల్సింది. మూడో పోతకి స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ ముక్కలు పెట్టాను, వాటికి తుప్పు భయం తక్కువ.

ఫిబ్రవరి 1

రిహార్సల్‌కి రెండో బొమ్మను, ఆ తుప్పు మరకలదాన్ని, బలి ఇద్దామని తీసుకెళ్ళాను. ముసలి నటుడి వేషం వేసేది ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. గోల్ఫ్ కర్ర అద్దెకు దొరికింది. కుర్రాడు కర్ర ఊపాడు, తలకి తగిలింది. తల తెగలేదు. బొమ్మ మొత్తం ఊగి, చీలమండ దగ్గర రెండు ముక్కలై, తలతో సహా బల్ల కిందికి దొర్లింది. రెండోసారి మెడ చుట్టూ రంపంతో గాడి కోసి, కాళ్ళని బల్లకి బిగించి కొట్టించాను. ఈసారి మెడ తెగింది. తెగిన ముక్కల్లో ఒకటి వెళ్ళి హార్మోనియం వాయించే ఆయన కళ్ళజోడుకి తగిలింది.

అందరం కాసేపు మాట్లాడలేదు. కళ్ళజోడు లేకపోతే?

“ఆంటీ, నిజం ప్లాస్టర్ వద్దు” అన్నాడు కుర్రాడు, కర్ర కింద పెట్టి. వాడన్నది నిజం. ప్రేక్షకుల మొదటి వరుస ఎనిమిది అడుగుల దూరంలో ఉంటుంది. నిజంగా పగిలే బొమ్మ వేదిక మీద పనికిరాదు. పగిలినట్టు కనిపించాలి, అంతే.

ఫిబ్రవరి 2

మెడ ఎందుకు తెగలేదో రాత్రంతా ఆలోచించాను. దెబ్బ తలకి తగిలినా, భారమంతా పడేది కింద, అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట. నా బొమ్మకి మెడకన్నా చీలమండలే సన్నం. పైగా బల్ల మీద ఊరికే నిలబెట్టాను. మరి ఆ ముసలాయనకి మెడ ఎలా తెగింది? విసురు చాలా వేగంగా ఉండి ఉండాలి, బొమ్మ కదిలే లోపే తల వెళ్ళిపోయేంత. ఇంటి హాల్లో అంత విసురు విసిరాడంటే, ఆ బొమ్మ అక్కడుందన్న ధ్యాసే లేదన్నమాట.

ఇది మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన సీను మార్చారు. ఇంతవరకూ ముసలాయన కోపంతో కావాలని కొట్టేట్టు ఉండేది. ఇప్పుడు బొమ్మకి వీపు పెట్టి, ఎవరితోనో కబుర్లాడుతూ ఊపుతాడు. ఇది చాలా బాగుంది, ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 6

అయస్కాంతం. తల విడిగా పోశాను, మెడ అడుగున పది మిల్లీమీటర్ల నియోడిమియం బిళ్ళ ఒకటి, మొండెం పైన ఒకటి. పెట్టగానే ‘టక్’ అని అతుక్కుంది. ఎంత బలంగా అంటే, కర్రతో తోస్తే తల రాలేదు, బల్ల జరిగింది.

చిన్న బిళ్ళలు కొనాలా అనుకుంటుంటే, మా ఆయన పాత విజిటింగ్ కార్డు చింపి మధ్యలో పెట్టారు. పట్టు తగ్గింది. ఇంకోటి పెట్టారు, ఇంకా తగ్గింది. అయస్కాంతాల మధ్య వెంట్రుకంత దూరం పెరిగినా పట్టు పడిపోతుంది. ఒక్కొక్క పొరే పెంచుకుంటూ పోయాం. రెండు పొరలకి తల మొండికేసింది. అయిదు పొరలకి బల్ల తడితే ఊడిపోయింది. నాలుగు సరిగ్గా కుదిరింది. రిటైరైన బ్యాంకు మేనేజరు కార్డులు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి.

తలని ఇప్పుడు గట్టి ప్లాస్టర్‌తో చెయ్యటం లేదు. కొండపల్లి బొమ్మలవాళ్ళు అతుకులకి వాడే మక్కు ఉంది కదా, చింతగింజల పొడి జిగురులో రంపపు పొట్టు కలిపేది. దాంతో చేసి పైన పలచగా ప్లాస్టర్ పూశాను. ఇరవై గ్రాములు కూడా లేదు. ఎవరికి తగిలినా నొప్పి ఉండదు. నా నుదుటి మీద నేనే కొట్టుకుని చూశాను.

మెడ గుంటలో చిటికెడు సుద్దపొడి. తల ఎగిరినప్పుడు చిన్న తెల్లటి పొగ లేస్తుంది. లోపల ఉన్నది ప్లాస్టరేనని ప్రేక్షకుడికి తెలిసేది ఆ పొగతోనే.

ఫిబ్రవరి 8

మాస్టారు ఇంకో ప్రాపర్టీ అడిగారు. నాటకంలో పొరుగింటి పాత నటి గోడకి తగిలించుకునే పలక. ఇది తేలిక, ఒక పూటలో అయిపోయింది. కానీ దాని వెనక కథ మాత్రం తేలిక కాదు.

1930లలో సహాయ నటీనటుల బహుమతి మొదలుపెట్టినప్పటి నుంచీ వాళ్ళకి బొమ్మ ఇవ్వలేదు, పలకే. 1944 సభలో మొదటిసారి వాళ్ళకీ నిలువు బొమ్మ దక్కింది. అంటే మన ఫిట్జెరాల్డ్ రెండేళ్ళు ముందు గెలిచి ఉంటే, ఎగరడానికి తలే ఉండేది కాదు. ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డేనియల్‌కి 1940 ఫిబ్రవరి 29న వచ్చింది పలకే. ఆ రాత్రి లాస్ ఏంజెలిస్ అంబాసిడర్ హోటల్లో తన సినిమావాళ్ళ బల్ల దగ్గర ఆమెకి కుర్చీ లేదు, గోడవారగా వేరే బల్ల వేశారు. పలకని ఆమె వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. అది అక్కడ ఎప్పుడో కనిపించకుండా పోయింది. 2023లో అకాడమీ దాని బదులు కొత్తది చేయించి ఇచ్చింది.

పలకకి రంగు వేస్తున్నంతసేపూ ఆ గోడవార బల్లే కళ్ళముందు ఉంది. నాటకంలో దీని గురించి ఒక్క మాట లేదు. ఉండాలని మాస్టారితో అన్నాను, నిడివి పెరుగుతుందన్నారు. నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 11

కవరు. నాటకంలో ఒకచోట సీలు వేసిన కవరు చింపుతారు. అరగంట పని. 1940 దాకా ఫలితాలు పత్రికలకి ముందే ఇచ్చేవాళ్ళు, రాత్రి పదకొండు దాటాక వెయ్యమని. ఆ ఏడాది లాస్ ఏంజెలిస్ టైమ్స్ సాయంత్రం ఎడిషన్లోనే వేసేసింది, సభకి వస్తున్నవాళ్ళు దారిలో చదువుకున్నారు. మరుసటి ఏడాది నుంచి సీలు కవర్లు. లక్కతో ముద్ర వేద్దామనుకున్నాను కానీ వేదిక మీద చింపడం కష్టం. మామూలు జిగురే అంటించాను.

ఫిబ్రవరి 14

రంగు. దీని దగ్గర మూడు సార్లు ఓడిపోయాను.

తొందరపడి ఆరీ ఆరని బొమ్మకి స్ప్రే కొట్టాను, రెండో రోజుకి పొక్కులు. ప్లాస్టర్ పైకి పొడిగా అనిపించినా లోపల నీళ్ళుంటాయి. రోజూ తూకం వెయ్యడం మొదలుపెట్టాను. 715 నుంచి దిగుతూ దిగుతూ 510 దగ్గర ఆగింది. రెండు రోజులు అదే అంకె ఉంటే ఆరినట్టు. అప్పుడు చెక్కసామాను పాలిష్‌వాళ్ళు వాడే లక్క, స్పిరిట్‌లో కరిగించి రెండు పూతలు. అది లేకపోతే ప్లాస్టర్ రంగునంతా తాగేస్తుంది.

బంగారు రంగు సరాసరి తెలుపు మీద వేస్తే చవక పెళ్ళి కార్డులా ఉంది. కింద ఎర్రమట్టి రంగు వేసి దాని మీద వేస్తే లోతు వచ్చింది. హాల్లో లైట్ల కింద పెట్టి చూస్తే ఆకుపచ్చగా కొట్టింది! లైట్లాయన నీలం ఫిల్టరు తీసేశాక సరిపోయింది. వేదిక వస్తువుని ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఖాయం చెయ్యకూడదని ప్రతిసారీ అనుకుంటాను.

పీఠం టేకు ముక్క, లేతు మీద తిప్పించి నల్ల రంగు. అసలుదానికి మొదట బెల్జియం నల్ల పాలరాయి ఉండేది, 1945 దాకా ఎత్తు కూడా మారుతూ ఉండేది. అందుకే నా పీఠం ఎంత ఎత్తున్నా ఎవరూ తప్పు పట్టలేరు. అడుగున నంబరు వెయ్యమన్నాడు కుర్రాడు. బొమ్మలకి నంబర్లు వెయ్యడం 1949లో, 501తో మొదలైంది. 1945 బొమ్మకి నంబరు ఉండదు. “ఎవరు చూస్తారు ఆంటీ?” అన్నాడు. నేను చూస్తాను.

ఫిబ్రవరి 19

పెద్ద తగువు ఈరోజు. పీఠంతో కలిపి బొమ్మ 800 గ్రాములుంది. మాస్టారు పట్టుకుని “ఇదేంటండీ, బొరుగుల పొట్లంలా ఉంది! పీఠంలో సీసం పొయ్యండి. చేతిలో బరువు లేకపోతే నటుడి ముఖంలో బరువు రాదు” అన్నారు.

రంగస్థలం మీద ఆయన మాట మామూలుగా కాదనను. ఈసారి కాదన్నాను. ఆ ముసలాయన చేతికి వచ్చింది తేలిక బొమ్మే. అందరి ముందూ నవ్వుతూ అందుకున్నప్పుడు అతని చేతికి ఆ తేలికతనం తెలిసే ఉంటుంది. ముందు ఏళ్ళవాళ్ళ బొమ్మలు ఎంత బరువో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ‘యుద్ధం కదా, సర్దుకోవాలి’ అనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సీసం పోస్తే ఆ సంగతే పోతుంది. ఇది నకిలీ ఆస్కార్ కాదు మాస్టారూ, ఆ ఏడు అసలుదే ఇలా ఉంది అన్నాను.

ఆయన జవాబివ్వలేదు. కుర్రాణ్ణి పిలిచి, బొమ్మ అందుకునే సీను చెయ్యమన్నారు. వాడు రెండు చేతులూ చాచి, బరువుంటుందని కాళ్ళు ఆనించి నిలబడి అందుకున్నాడు. బొమ్మ తేలిగ్గా ఉండేసరికి చేతులు వాటంతటవే జానెడు పైకి లేచిపోయాయి. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. “అది ఉంచు. ఆ చేతులు లేవడం ఉంచు” అన్నారు.

ఫిబ్రవరి 26

డ్రెస్ రిహార్సల్. పదిసార్లు కొట్టించాను. ఎనిమిదిసార్లు సరిగ్గా ఎగిరింది. ఒకసారి కర్ర తగలనే లేదు, బొమ్మకి వీపు పెట్టాడు కదా. నేల మీద సుద్దతో కాలి గుర్తు వేశాం. ఇంకోసారి తల కర్రకే అతుక్కుపోయింది! కర్ర చివర ఇనుముందని ఎవరికీ తట్టలేదు. దానికి మూడు పొరల గుడ్డ చుట్టి పైన వెండి కాగితం వేశాను.

తలలు అయిదు సిద్ధం. అట్టపెట్టెలో దూది వేసి వరసగా పడుకోబెట్టాను. మా మనవడు తెరిచి చూసి భయపడ్డాడు.

మార్చి 2

నిన్న ప్రదర్శన. బొమ్మ అందుకునే చోట కుర్రాడి చేతులు పైకి లేచాయి, హాల్లో చిన్న నవ్వు. నేను వింగ్‌లో నిలబడి ఆ నవ్వు కోసమే ఎదురుచూస్తున్నాను. చివరి సీనులో కర్ర ఊపాడు. తల ఎగిరింది, పొగ లేచింది, ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం. ముసలాయన వెనక్కి తిరిగి, తల లేని బొమ్మని చూసి, కర్ర వెనక దాచుకున్నాడు. అప్పుడు పడ్డాయి చప్పట్లు.

తల మాత్రం అనుకున్న వైపు పడలేదు. వేదిక అంచు దాటి మొదటి వరుసలోకి వెళ్ళింది. తెర పడ్డాక వెతికితే కనపడలేదు.

మార్చి 4

తల దొరికింది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మగారు సమాజం వాళ్ళ ద్వారా నంబరు కనుక్కుని ఫోన్ చేశారు. “పోనీలెండి, ఉంచుకోనివ్వండి” అనబోయి ఆగాను. దాన్లో అయస్కాంతం ఉంది. ఇంట్లో మూడేళ్ళ చెల్లెలు కూడా ఉందట. అలాంటి బిళ్ళలు చిన్నపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పు. ఎత్తున పెట్టండి, నేను వస్తున్నాను అన్నాను.

సాయంత్రం అయస్కాంతం లేని తల ఒకటి పోసి, ఆరాక లక్క పూసి, ఎర్రమట్టి రంగు మీద బంగారు రంగు వేసి పట్టుకెళ్ళడానికి వారం పడుతుందని లెక్కేశాను. అంతవరకూ ఆ పాత తల వాళ్ళ బీరువా పైన ఉంటుంది.

మార్చి 12

వెళ్ళి ఇచ్చి వచ్చాను. పిల్లవాడు రెండు తలలూ చెరో చేతిలో పట్టుకుని తూచి చూశాడు. కొత్తది గట్టి ప్లాస్టర్ పోత, కాస్త బరువు ఎక్కువ. అదే ఉంచుకుని పాతది నాకిచ్చేశాడు. వచ్చే నెల తెనాలిలో రెండో ప్రదర్శన ఉంది. పెట్టెలో మళ్ళీ అయిదు తలలు.